ప్రాక్సీలో క్యాష్ ఉన్నా అప్‌డేట్లు ఎందుకు నత్తనడక నడుస్తున్నాయి?

ల్యాబ్‌లో 30 ఉబుంటు మెషీన్లు, మధ్యలో స్క్విడ్ ప్రాక్సీ (ఒకసారి దిగిన ఫైళ్లను దాచుకుని మిగతా మెషీన్లకు ఇచ్చే సాఫ్ట్‌వేర్), అయినా ప్రతి మెషీన్‌కీ మొదటిదానికి పట్టినంత సేపే పడుతోందని అడిగారు. ఇదే టెన్షన్ నేనూ పడ్డాను. కేబుళ్లు, స్విచ్ మార్చి రెండు రోజులు పోగొట్టుకున్నాను. మీరు అటు వెళ్లకండి, ముందు లాగ్ చూడండి.

సర్వర్‌లో స్క్విడ్ యాక్సెస్ లాగ్ తెరిచి ఉంచి, ఒక మెషీన్ అప్‌గ్రేడ్ చేయండి. అది అయ్యాక రెండోది మొదలుపెట్టండి. ఈ రెండోసారి వచ్చే వరుసలే ముఖ్యం. నాకు చిన్న ప్యాకేజీలన్నిటికీ 'టీసీపీ మెమ్ హిట్' అని పడింది, అంటే మెమరీలో దాచిన కాపీయే ఇచ్చింది. కెర్నల్, ఫర్మ్‌వేర్, లిబ్రే ఆఫీస్ దగ్గరకొచ్చేసరికి వరసపెట్టి 'టీసీపీ మిస్'. అంటే పెద్ద ఫైళ్లు ప్రతిసారీ బయటినుంచే వస్తున్నాయి.

కారణం ఇదీ. స్క్విడ్ వేసినప్పుడు కాన్ఫిగ్‌లో 'క్యాష్ డిర్' (డిస్క్ మీద ఎక్కడ, ఎంత దాచాలో చెప్పేది) వరుస ముందు హ్యాష్ గుర్తు (#) ఉంటుంది, అంటే ఆ వరుసను స్క్విడ్ పట్టించుకోదు, కాబట్టి డిస్క్ మీద ఏమీ దాచదు. మెమరీలో దాచేది 512 కేబీ లోపు ఫైళ్లనే. ఆ హ్యాష్ తీసేసినా సరిపోదు: అందులో ఉండే డిస్క్ సైజు 100 ఎంబీ, ఒక్కో ఫైల్‌కి పరిమితి 4 ఎంబీ. నేను డిస్క్‌కి 20,000 ఎంబీ ఇచ్చి, 'మ్యాగ్జిమమ్ ఆబ్జెక్ట్ సైజ్' 1 జీబీ చేశాను. ఈ వరుసను క్యాష్ డిర్‌కి పైన రాయండి. కింద రాసి ఒక పూట తల పట్టుకున్నాను. తర్వాత స్క్విడ్ ఆపి, 'మైనస్ జెడ్' ఆప్షన్‌తో ఒకసారి నడిపి ఫోల్డర్లు తయారయ్యాక మళ్లీ స్టార్ట్ చేయండి. ఆ సాయంత్రం రెండో మెషీన్‌లో ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ల్యాన్ స్పీడ్‌లో దిగుతుంటే ఎంత సంతోషమేసిందో!

స్నాప్ ప్యాకేజీలకు (ఉబుంటులో విడిగా స్నాప్ స్టోర్ నుంచి వచ్చేవి) మాత్రం ఇది పనిచేయదు. అవి హెచ్‌టీటీపీఎస్‌లో వస్తాయి, లోపల ఏముందో ప్రాక్సీకి కనబడదు. ఆప్ట్ (ఉబుంటులో మామూలు ప్యాకేజీలు దించే ప్రోగ్రామ్) వాడే మిర్రర్, అంటే ప్యాకేజీల కాపీలు ఉండే సర్వర్ అడ్రస్ కూడా హెచ్‌టీటీపీఎస్ అయితే హెచ్‌టీటీపీకి మార్చుకోండి. ప్యాకేజీల లిస్టుకి డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి మధ్యలో ఎవరైనా మారిస్తే ఆప్ట్ పట్టేస్తుంది.

అప్పటికీ మిస్సే వస్తుంటే, రెండు మెషీన్ల సోర్సెస్ ఫైళ్లు (ఏ మిర్రర్ వాడాలో రాసి ఉండేవి) పక్కపక్కన పెట్టి చూడండి. మిర్రర్ పేరు వేరైతే, ఒకే ప్యాకేజీ అయినా స్క్విడ్ లెక్కలో అవి రెండు వేర్వేరు ఫైళ్లు.