ప్రకృతిలో కలిసిపోయే హోటల్ అంటే గోడలకు ఆకుపచ్చ రంగు వేయడమేనా?

కాదు. రంగు చివరి సంగతి. ముందు చూడాల్సింది కట్టేటప్పుడు నేలను ఏం చేశారన్నది.

నార్వేలో వాల్‌డాల్ లోయలో, గుడ్‌బ్రాండ్స్‌యూవె అనే, నది పారే ఇరుకు కొండచీలిక పక్కన యూవె ల్యాండ్‌స్కేప్ హోటల్ ఉంది. యెన్సెన్, స్కూడ్విన్ అనే ఆర్కిటెక్టులు దీన్ని డిజైన్ చేశారు. మామూలుగా అయితే బండలు పేల్చి, చదును చేసి, ఒకే పెద్ద భవనం లేపుతారు. వీళ్లు మొదట ఏడు గదులను విడివిడిగా చెట్ల మధ్య పెట్టారు. బండలో రంధ్రాలు వేసి, 40 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు కడ్డీలు దించి, వాటి మీద చెక్క గదులు నిలబెట్టారు. పునాది తవ్వకం లేదు కాబట్టి కింద నాచు, రాళ్లు దాదాపు ఎక్కడివక్కడే ఉన్నాయి. రేపు ఎప్పుడైనా గది తీసేస్తే మిగిలేది ఆ చిల్లులే.

నాకు బాగా నచ్చింది లోపలి రంగు. ఒకటి రెండు గోడలు పూర్తిగా అద్దమే. లోపల తెల్లగా ఉంటే అద్దంలో మన మంచమే మనకు కనిపిస్తుంది, నది కాదు! అందుకే చెక్కకు నల్ల పిగ్మెంట్ కలిపిన నూనె పూసి ప్రతిబింబం తగ్గించారు. కిటికీకి కర్టెన్ల టెన్షన్ కూడా అంతగా లేదు, ఒక గది నుంచి ఇంకో గది కనిపించకుండా ఒక్కోదాన్ని ఒక్కో వైపు తిప్పారు.

ఒక చిక్కూ ఉంది. గోడలు పలచన కాబట్టి ఆ మొదటి గదులను వేసవి వాడకం కోసమే అనుకుని కట్టారు.