చెల్లికి హాస్టల్ ఎందుకు పోయింది?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. మాది గుంటూరు జిల్లా, హైదరాబాద్‌లో ఉద్యోగం. రోజూ రాత్రి నాన్న వీడియో కాల్ చేసి హాస్టల్ గది చూపించమంటారు. కిందటేడు ఆఫీసు ట్రైనింగని చెప్పి ఫ్రెండ్స్‌తో గోవా వెళ్లాను. ఎవరో పెట్టిన ఫొటోతో దొరికిపోయాను. అప్పట్నుంచి నరకమే. విజయవాడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే చెల్లిని కూడా ఇంటికి తెచ్చేశారు. ఇప్పుడు నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. చదువు కోసం తీసుకున్న బ్యాంకు లోన్ నేనే కడుతున్నాను. ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయి నంబర్ మార్చేద్దామనుకుంటున్నా. నా ఇష్టప్రకారం బతకాలనుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదు. 18 నిండిన రోజే మేజర్‌వయ్యావు. దేశంలో ఎక్కడైనా తిరగడానికీ, ఉండడానికీ రాజ్యాంగం 19వ అధికరణలోనే హక్కు ఇచ్చింది. బెంగళూరు వెళ్లు. నీ ప్రశ్న అయిపోయింది.

ఇక నువ్వు అడగనిది. ఇంత ఉత్తరంలో చెల్లికి దక్కింది ఒక్క వాక్యం. గోవా వెళ్లింది నువ్వు, హాస్టల్ ఖాళీ చేసింది ఆ పిల్ల. ఒకరు చేసినదానికి ఇంకొకరిని శిక్షించడం మీ నాన్నగారి అన్యాయమే, అందులో సందేహం లేదు. కానీ పెద్దది మాట వినకపోతే చిన్నదాని మీద పట్టు బిగిస్తారని మన ఇళ్లలో పెరిగిన నీకు తెలియదా? నువ్వు నంబర్ మార్చేసిన మర్నాటి నుంచే ఆ ఇంట్లో సంబంధాలు చూడడం మొదలవుతుంది. డిగ్రీ పూర్తయ్యేదాకా కూడా ఆగరు. "మీ అక్కని చదివించి చూశాంగా" అన్న మాట చెల్లి ఎన్నేళ్లు పడాలి?

గోవా వెళ్లడంలో నాకే తప్పూ కనిపించలేదు. "నాన్నా, వెళ్తున్నా" అని చెప్పి వెళ్లి ఉంటే ఆయన కేకలేసేవారు, నెల రోజులు మాట్లాడేవారు కాదేమో. నీకా కేకలు పడడం ఇష్టం లేకపోయింది. సొంతంగా బతుకుతానన్న మనిషికి ఆ మాత్రం ఓర్పు ఉండాలి తల్లీ. రోజూ గది చూపించమనడం అవమానమే. "మాట్లాడతాను, గది మాత్రం చూపించను" అని ఆయనతోనే అను.

లోన్‌లో కో-అప్లికెంట్, అంటే నీతోపాటు సంతకం పెట్టినది, మీ నాన్నగారే అయ్యుంటారు. ఉద్యోగం మారే హడావుడిలో ఈఎంఐ తప్పిందంటే అప్పులు సరిగ్గా తీరుస్తున్నారా అని చూపే ఆయన సిబిల్ స్కోరూ పడిపోతుంది, బ్యాంకు వాళ్లు ఆయనకీ ఫోన్ చేస్తారు. కొత్త జీతం ఖాతాకి మార్చుకునేదాకా పాత ఖాతాలో రెండు వాయిదాల డబ్బు ఉంచు.

నోటీస్ పీరియడ్‌లో ఉండగానే ఊరెళ్లి ఆఫర్ లెటర్ అమ్మానాన్నల ముందు పెట్టు. గోవాకి క్షమాపణ అక్కర్లేదు, అబద్ధానికి మాత్రం చెప్పు, అదీ చెల్లి ఎదురుగా. దాన్ని మళ్లీ హాస్టల్‌కి పంపమని, ఫీజు నేను కడతానని అడుగు. వెంటనే ఒప్పుకోరు. అయినా అడుగుతూనే ఉండాలి, అందుకైనా పాత నంబర్ ఉండనీ.

ఇవన్నీ తర్వాత. ముందు ఈ రాత్రే చెల్లికి ఫోన్ చెయ్యి. ఏడాదిగా దాని చదువెలా సాగుతోందో ఉత్తరంలో రాయలేదంటే, నీకు తెలియదనే అనుకుంటున్నాను.