నలభై మందికి లింక్ పంపితే ఎవరూ రారు

నాన్నా,

నీ మెసేజ్ చదివాను. వాట్సాప్ బదులు సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లోకి రమ్మని నలభై మందికి లింక్ పంపితే ముగ్గురే వచ్చారనీ, వాళ్లలో ఇద్దరు మళ్లీ దాన్ని తెరవనే లేదనీ రాశావు. "ఎవరికీ పట్టదు పెద్దమ్మా" అన్నావు చూడు, ఆ మాట దగ్గర నాకు మనసు చివుక్కుమంది. వాళ్లకి పట్టక కాదురా. నువ్వు అడిగింది ఒక్కరుగా ఎవరూ చేయలేని పని.

ఫోన్లో కెమెరా యాప్ మార్చుకోమంటే ఎవరికి వాళ్లు మార్చుకుంటారు, నచ్చకపోతే తీసేస్తారు. మెసెంజర్‌కి అవతల మనిషి ఉండాలి. నీ లింక్ నొక్కి లోపలికి వచ్చినవాళ్లకి కనిపించిందేమిటి? నువ్వు, నువ్వు పెట్టిన ఒక "హాయ్", ఆ తర్వాత ఏమీ లేదు. ఖాళీ ఇంట్లో ఎవరైనా ఎంతసేపు కూర్చుంటారు? ఈమెయిల్ అయితే ఎవరు ఏ సర్వీసులో ఉన్నా ఒకరికొకరు రాసుకోవచ్చు. మెసెంజర్లలో చాలావాటికి ఆ వీలు లేదు. కాబట్టి రోజూ మాట్లాడుకునే ఒక చిన్న గుంపుని పట్టుకుని, అందరినీ ఒకేసారి కదిలించాలి. నా పాతికేళ్ల అనుభవంలో పనిచేసిన దారి ఇదొక్కటే.

జనం మారరని మాత్రం అనుకోకు. 1996లో ఐసీక్యూ, 1998లో యాహూ మెసెంజర్, 1999లో ఎమ్ఎస్ఎన్ మెసెంజర్ వచ్చాయి. వాటిలో స్నేహాలు పెంచుకున్నవాళ్లెవరూ అవి పోతాయనుకోలేదు. యాహూ 2018లో, ఐసీక్యూ 2024లో, ఎంతోమంది విదేశాల్లో ఉన్న పిల్లల ముఖాలు చూసుకున్న స్కైప్ 2025 మేలో మూతపడ్డాయి. అవి మూతపడేనాటికే చాలామంది వేరేచోటికి వెళ్లిపోయారు. మా అప్పుడు ఒక సౌకర్యం ఉండేది. పిడ్జిన్, ట్రిలియన్ లాంటి ప్రోగ్రాములు నాలుగైదు ఖాతాలని ఒకే కిటికీలో చూపించేవి. రెండు మెసెంజర్లు వాడటం బరువనిపించేది కాదు. ఇప్పుడు ఫోన్లో రెండు గుర్తులు, రెండు చోట్లా చూసుకోవాలి. నువ్వు వాళ్లని మోయమంటున్న బరువు అదే. చిన్నదే అయినా దాన్ని గుర్తించి మాట్లాడాలి.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో సర్క్యులర్ ఇచ్చి కొత్త మెసెంజర్ పెట్టారు. అందరూ లాగిన్ అయ్యారు, పేర్ల పక్కన పచ్చ చుక్కలు వెలిగాయి. మాట్లాడుకోవడం మాత్రం పాతదాంట్లోనే. మూడు నెలలు అలాగే నడిచింది. తర్వాత షిఫ్టుల పట్టిక కొత్తదాంట్లో తప్ప ఇంకెక్కడా పెట్టకూడదని అనుకున్నాం. వారంలో అందరూ అక్కడే ఉన్నారు. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు, వాళ్లకి కావలసింది అక్కడ దొరికింది, అంతే.

మన ఇంట్లో ఆ పట్టిక లాంటిది మీ అక్క పాప. పాప ఫొటోలు, వీడియోలు ఇకనుంచి సిగ్నల్ గ్రూపులోనే పెట్టమని మీ అక్కని అడుగు. పసిపిల్ల ఫొటోలు ఎక్కడ పడితే అక్కడ తిరగకూడదని దానికీ ఉంది. ముందు నువ్వు, అక్క, బావ, మీ అమ్మ, నేను, ఈ ఐదుగురం చాలు. మేం లోపలికి వచ్చేసరికే గ్రూపులో పది ఫొటోలు సిద్ధంగా ఉండాలి. మిగతావాళ్లని ఇప్పట్లో కదపకు.

లింక్ పంపి ఊరుకోవద్దు. పక్కన కూర్చుని నీ చేత్తో పెట్టు. యాప్ దించడం తేలికే, మనుషులు జారిపోయేది ఆ తర్వాతే. చాలా ఫోన్లలో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు కొత్త యాప్‌ని వెనక పనిచేయనివ్వదు, మెసేజ్ వచ్చినా మోగదు. నోటిఫికేషన్లకి అనుమతి అడిగినప్పుడు కంగారులో "వద్దు" నొక్కేసేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లు "ఇందులో ఎవరూ ఏమీ రాయడం లేదు" అనుకుని మానేస్తారు, నువ్వేమో వాళ్లకి ఇష్టం లేదనుకుంటావు. అందుకే పెట్టగానే వాళ్ల ఎదురుగానే ఒక మెసేజ్ పంపి, ఫోన్ మోగిందో లేదో చూడు. స్క్రీన్ ఆపేసి పది నిమిషాల తర్వాత ఇంకోసారి చూడు. అమ్మమ్మ లాంటివాళ్లకి అక్షరాల సైజు పెంచు, గుర్తుని మొదటి పేజీలో పాతదాని పక్కనే పెట్టు. ఒక వీడియో కాల్ చేయించు. పిన్ పెట్టేటప్పుడు కాగితం మీద రాసి దాచుకోమని చెప్పు.

ఇక నువ్వు పంపిన ఆ పొడుగాటి మెసేజ్ సంగతి. "వాట్సాప్‌లో మీ మాటలన్నీ వాళ్లు చదువుతున్నారు" అని రాశావు. అది నిజం కాదు నాన్నా. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లోనూ మెసేజ్‌లు పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేని పద్ధతిలోనే వెళ్తున్నాయి. ఆ పద్ధతి తయారుచేసింది సిగ్నల్ వాళ్లే. ఇది తెలిసినవాడు గ్రూపులో ఒక్కడున్నా చాలు, నువ్వు చెప్పిన నిజాలు కూడా కొట్టుకుపోతాయి. భయపెట్టి తెచ్చినవాళ్లు భయం తగ్గగానే వెళ్లిపోతారు.

ఉన్న తేడా చెప్పు, అదే చాలు. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరం కూడా విలువైనదే. సిగ్నల్‌ని ఆ వివరాలు తన దగ్గర నిలవ ఉంచుకోకుండా ఉండేలా కట్టారు. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ (నేరం మోపాలో లేదో తేల్చే పౌరుల బృందం) ఒక ఖాతా వివరాలు అడిగితే, ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు సర్వర్‌కి కలిశారు అన్నవి తప్ప వాళ్ల దగ్గర ఇవ్వడానికి ఏమీ లేకపోయింది. దాన్ని నడిపేది లాభాపేక్ష లేని ఫౌండేషన్. ప్రకటనలు లేవు, విరాళాల మీద నడుస్తుంది. 2018లో ఆ ఫౌండేషన్ పెట్టినవాళ్లలో వాట్సాప్ వ్యవస్థాపకుల్లో ఒకరైన బ్రయాన్ ఆక్టన్ ఉన్నారు. "మరి టెలిగ్రామ్ ఉందిగా" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడ మామూలు చాట్‌లకీ గ్రూపులకీ మధ్యలో ఎవరూ చదవలేని ఆ రక్షణ లేదు, సీక్రెట్ చాట్ విడిగా తెరవాలి. అంతవరకే చెప్పి వదిలెయ్.

లోపాలు కూడా ముందే నీ నోటితో చెప్పు. పాత చాట్‌లు సిగ్నల్‌లోకి రావు. కొత్త ఫోన్ కొంటే, పాతది చేతిలో ఉండగానే మెసేజ్‌లు మార్చుకోవాలి, లేదా ముందే బ్యాకప్ పెట్టుకుని ఉండాలి. ఖాతా తెరవడానికి ఫోన్ నంబరు కావాలి, అయితే 2024 నుంచి యూజర్‌నేమ్ పెట్టుకుని కొత్తవాళ్లకి నంబరు కనిపించకుండా చేసుకోవచ్చు. 2021 జనవరిలో జనం ఒక్కసారిగా వచ్చిపడటంతో సిగ్నల్ దాదాపు ఒక రోజుపాటు ఆగిపోయింది. ఇవి ముందే విన్నవాళ్లు, తర్వాత ఎదురైనప్పుడు నిన్ను తప్పు పట్టరు.

పాతదాన్ని తీసేయకు. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను. ఒకప్పుడు నేను "రేపటి నుంచి ఇక్కడ ఉండను, కావాలంటే కొత్తదాంట్లోకి రండి" అని గ్రూపులో రాసి బయటికి వచ్చేశాను. ఎవరూ రాలేదు. దగ్గరి చుట్టం ఆసుపత్రిలో ఉన్న సంగతి ఆ గ్రూపులో వచ్చింది, నాకు పదకొండు రోజుల తర్వాత తెలిసింది. వెళ్లి పలకరించేసరికి ఆవిడ ఇంటికి కూడా వచ్చేసింది. ఆవిడ ఏమీ అనలేదు కానీ, నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పాతదాంట్లో ఎవరైనా రాస్తే వెంటనే అక్కడే జవాబివ్వు. జవాబు ఆలస్యం చేసి మనుషుల్ని దారికి తెచ్చుకోవాలని ఎప్పుడూ చూడకు.

మన ఐదుగురం రెండు నెలలు ఇబ్బంది లేకుండా వాడాక, అప్పుడు అత్తయ్యవాళ్లు. పాప ఫొటోలు చూడాలని వాళ్లే అడుగుతారు. నీ స్నేహితుల్లో రోజూ మాట్లాడుకునే నలుగురితో కూడా ఇలాగే మొదలుపెట్టు. రానివాళ్లు రారు, వాళ్లకి మామూలుగా ఫోన్ చెయ్.

ఈ రాత్రికి గ్రూపు తెరిచి నన్ను చేర్చు, నా పిన్ నేను పెట్టేసుకున్నాను. ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. మీ అమ్మ ఫోన్ సంగతి నాకు వదిలెయ్.

నీ పెద్దమ్మ