అమెరికాలో పశువుల రైతుల తరఫున వాషింగ్టన్‌లో మాట్లాడేదెవరు?

అక్కడి పశువుల రైతులంతా ఒకే మాట మీద ఉంటారా? అస్సలు ఉండరు. పెద్ద సంఘం నేషనల్ క్యాటిల్‌మెన్స్ బీఫ్ అసోసియేషన్, దాని మూలాలు 1898 నాటివి; వారసత్వ పన్ను, ప్రభుత్వ భూముల్లో మేత లాంటి వాటి మీద లాబీయింగ్ చేస్తుంది. 1990ల చివర్లో పుట్టిన ఆర్-కాఫ్ అనే మరో పశువుల రైతుల సంఘం దీన్ని నమ్మదు, ఎందుకంటే మాంసం కంపెనీలకూ అందులో చోటుంది. అసలు గొడవ ధర దగ్గరే: మేపి బలిపించిన పశువుల్లో దాదాపు 85 శాతం నాలుగు మాంసం కంపెనీలకే పోతాయి, ఇక బేరమాడేదెక్కడ? బీఫ్ ఏ దేశానిదో లేబుల్ మీద రాయాలన్న నిబంధనను, దాని మీద కెనడా, మెక్సికో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో గెలిచాక, 2015లో ఎత్తేశారు. పెద్ద సంఘానికి అదే కావాలి, ఆర్-కాఫ్ మాత్రం ఇప్పటికీ మళ్లీ పెట్టమంటోంది. ఇవన్నీ ఎలా ఉన్నా, పశువును అమ్మినప్పుడల్లా తలకి ఒక డాలర్ 'చెకాఫ్' (బీఫ్ ప్రచారానికీ, పరిశోధనకూ వాడే రుసుము) మాత్రం రెండు సంఘాల రైతులూ కట్టాల్సిందే.