వాట్సాప్‌లో ఖరారైన షో రద్దయితే పరిహారం అడగవచ్చా?

ప్రశ్న: మేము సొంత పాటలు పాడుకునే నలుగురి బృందం. మాకు మేనేజర్ లేరు. ఒక వేదిక నిర్వాహకుడు వాట్సాప్‌లో తేదీ, పారితోషికం ఖాయం చేసి, పోస్టర్ కూడా వేసి, రెండు రోజుల ముందు టికెట్లు అమ్ముడుపోలేదంటూ షో రద్దు చేశారు. అదే తేదీకి వచ్చిన మరో షో వదులుకున్నాం. అడిగితే 'అగ్రిమెంటే లేదు కదా' అంటున్నారు. మాకు హక్కు ఉందా?

జవాబు: ఉంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ఇలాంటి ఒప్పందం కాగితం మీదే ఉండాలని అనదు. సందేశాల ద్వారా కుదిరిందన్న ఒక్క కారణంతో కాంట్రాక్టు చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం 10ఎ సెక్షన్ చెబుతోంది. అయితే ఆ సంభాషణను ఒకసారి ప్రతివాది న్యాయవాది కళ్లతో చదవండి. 'చూద్దాం', 'డేట్ హోల్డ్‌లో పెట్టండి' అన్నవి సాధారణంగా బేరం దశలోని మాటలు. 'కన్ఫర్మ్, పోస్టర్ వేసేస్తున్నాం' అన్నది అంగీకారం, ఆ పోస్టరే దానికి సాక్ష్యం. ఇన్ని టికెట్లు అమ్ముడైతేనే షో ఉంటుందన్న షరతు ముందుగా లేనప్పుడు, అమ్మకాలు తగ్గడం ఆయన వ్యాపార నష్టమే తప్ప, కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ చెప్పే అసాధ్యత (ఒప్పందాన్ని నెరవేర్చడమే కుదరని స్థితి) కాదు.

పరిహారం లెక్క దగ్గరే చాలామంది కళాకారులు పొరబడతారు. అదే చట్టం 73వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం సవ్యంగా నెరవేరి ఉంటే మీరు ఏ స్థితిలో ఉండేవారో ఆ మేరకే నష్టం లెక్క కడతారు. ఆయన షో జరిగి ఉంటే రెండో షో ఎలాగూ చేసేవారు కాదు కాబట్టి, రెండు పారితోషికాలూ అడగలేరు. ప్రయాణ ఖర్చు మీరే భరించాలని అనుకుని ఉంటే దాన్ని పారితోషికంపై అదనంగా కలపకూడదు. రద్దు చేసుకున్న ప్రయాణ టికెట్లకు తిరిగి వచ్చిన సొమ్మును పరిహారం లెక్కలో తగ్గించాలి. రద్దు కబురు అందాక ఆ తేదీకి మరో షో కోసం ప్రయత్నించారా అని కోర్టు తప్పక చూస్తుంది; వదులుకున్న షో వారికి మళ్లీ ఫోన్ చేసి ఉంటే ఆ కాల్ వివరాలు దాచండి. 'పేరు వచ్చేది, పోయింది' అన్న వాదన మాత్రం నిలవడం కష్టం.

స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకండి. చాట్ ఉన్న ఫోన్‌ను మార్చకుండా ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోరే ధ్రువపత్రం అవసరమవుతుంది. పోలీసు ఫిర్యాదు వల్ల ప్రయోజనం లేదు: మొదటి నుంచే మోసగించే ఉద్దేశం ఉందని చూపలేకపోతే ఇది సివిల్ వివాదమే.

ముందుగా లీగల్ నోటీసు ఇవ్వండి. మీతో మాట్లాడిన వ్యక్తి సొంతంగా బుక్ చేశారో, వేదిక యజమాని తరఫున చేశారో తేలనప్పుడు ఇద్దరికీ పంపండి. స్పందన లేకపోతే, చిన్న మొత్తానికి దావా ఖర్చు మోయడం కన్నా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో దావాకు ముందే రాజీకి ప్రయత్నించడం మేలని నా అభిప్రాయం. దావాయే వేయదలిస్తే, ఒప్పందం ఉల్లంఘించిన నాటి నుంచి 3 ఏళ్ల గడువు ఉంటుంది.