బడ్జెట్‌లో ఉంది, చేతికెందుకు రాదు? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా వీధి డ్రైనేజీ పనికి బడ్జెట్‌లో డబ్బు పెట్టారని, అసెంబ్లీలో పాసైందని చెప్పారు. సగం తవ్వి వదిలేశారు. అడిగితే బిల్లులు రావట్లేదంటాడు కాంట్రాక్టర్. చట్టమే చేశాక డబ్బు రాకపోవడం ఏమిటండీ?
– ఓ పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. మనం టీవీలో చూసే ఆర్థిక మంత్రి ప్రసంగం చట్టం కాదు. చట్టం అయ్యేది ఆ తర్వాత, శాఖలవారీగా పద్దుల మీద ఓటింగ్ అయ్యాక వచ్చే ద్రవ్య వినిమయ బిల్లు. రాజ్యాంగం 204వ అధికరణ ప్రకారం అది పాసైతేనే సంచిత నిధి నుంచి, అంటే మన పన్నులు, ప్రభుత్వం తెచ్చే అప్పులు వచ్చి చేరే ఖాతా నుంచి, రూపాయి తీయగలరు. అయితే ఆ చట్టం ‘ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చు’ అంటుందే గానీ ‘పెట్టి తీరాలి’ అనదు. మీ డ్రైనేజీ ఆగింది అక్కడే. పద్దులో అంకె ఉన్నా ఆర్థిక శాఖ బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ ఇవ్వాలి, బిల్లు సీఎఫ్‌ఎంఎస్‌లో, అంటే ప్రభుత్వ చెల్లింపులు జరిగే ఆన్‌లైన్ వ్యవస్థలో, ఎక్కాలి, ఎక్కాక దాని వంతు రావాలి.

ఇంకో సంగతి కూడా తెలిసుండాలి. పూర్తి బడ్జెట్ లేకుండా కూడా ప్రభుత్వం నడుస్తుంది. 2024-25లో మనకి అదే జరిగింది. ఎన్నికల ముందు ఫిబ్రవరిలో ఓటాన్ అకౌంట్, అంటే పూర్తి బడ్జెట్ వచ్చేదాకా కొన్ని నెలల ఖర్చుకి సభ ఇచ్చే అనుమతి, పెట్టారు, జులై ఆఖరుకి దాని గడువు అయిపోవడంతో ఆర్డినెన్స్‌తో ఇంకో నాలుగు నెలలు నడిపారు, రూ.2.94 లక్షల కోట్ల పూర్తి బడ్జెట్‌ని పయ్యావుల కేశవ్ సభ ముందు పెట్టేసరికి నవంబర్ 11 వచ్చింది. ఈ మధ్యలోనే సెప్టెంబర్‌లో బుడమేరు మీ ఇళ్లలోకి వచ్చింది. అందుకే ఈసారి ఎవరైనా ‘మీకు ఇన్ని కోట్లు కేటాయించాం’ అంటే ‘విడుదల చేసింది ఎంత?’ అని అడగండి. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉండే బడ్జెట్ పుస్తకాల్లో ఒక్కో పద్దుకి వరుసగా రెండేళ్ల కిందటి అసలు లెక్కలు, నిరుటి సవరించిన అంచనాలు, ఈ ఏటి అంచనాలు ఉంటాయి. అందరూ చివరి అంకె చూసి చప్పట్లు కొడతారు. మీరు మొదటిది చూడండి, నిజంగా ఖర్చయింది అదే.

ప్రశ్న: ఇంటి పన్నుతో పాటు లైబ్రరీ సెస్సు కడుతున్నాం. మా అబ్బాయి పోటీ పరీక్షలకి లైబ్రరీకి వెళ్తే కొత్త పుస్తకాలే లేవట. ఆ డబ్బు కూడా అసెంబ్లీలోనే తేల్చాలా?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అక్కర్లేదమ్మా, దానికి ఎప్పుడో చట్టం ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలు చేసేది కార్పొరేషన్, దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. కార్పొరేషన్ ఇక్కడ వసూలు చేసి అప్పగించేదే గానీ ఆ డబ్బు దానిది కాదు. మీ అబ్బాయి చేత పది రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌కి సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి, గత మూడేళ్లలో ఏ ఏడాది ఎంత సెస్సు వసూలైంది, ఎంత జమ చేశారు, ఏ తేదీల్లో అని. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. గ్రంథాలయ సంస్థకి విడిగా ఇంకోటి పెట్టి ఎంత అందిందని అడిగితే, రెండు అంకెల మధ్య తేడా ఉంటే అక్కడే దొరుకుతుంది.

ఒక పని కోసమని పక్కన పెట్టిన నిధి ఆ పనికే వెళ్లాలి. ఈ మాట మన రాష్ట్రం విషయంలోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేంద్రం 75, రాష్ట్రం 25 పాళ్లుగా వేసే విపత్తు ప్రతిస్పందన నిధి నుంచి దాదాపు రూ.1,100 కోట్లు రాష్ట్ర ప్రభుత్వం పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాకి, అంటే అధికారి పేర విడిగా ఉండే ఖాతాకి, మళ్లించింది. తిరిగి ఆ నిధిలోనే జమ చేయమని 2022 జులైలో కోర్టు ఆదేశించింది. ఎనిమిది పైసలైనా న్యాయం అదే కదా. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది పక్కనే బెజవాడలో. అలాంటి చోట చదువుకునే పిల్లలు కొత్త పుస్తకం లేక ఖాళీ చేతులతో రావడం నాకు చాలా బాధగా ఉంది.

ప్రశ్న: మా మావయ్య తుళ్లూరు దగ్గర రాజధాని భూసమీకరణకి (పూలింగ్‌కి) పొలం ఇచ్చారు. రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ ఉంది, తీసేశారు, మళ్లీ తెచ్చారు. ఇంకోసారి మారిస్తే, పొలం ఇచ్చినందుకు ఏటా రావాల్సిన కౌలు బాకీ ఎవరు తీరుస్తారని ఆయనకి ఒకటే టెన్షన్.
– ఓ పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: 2014 చట్టంతో వచ్చిన సీఆర్‌డీఏని 2020లో రద్దు చేసి ఏఎంఆర్‌డీఏ పెట్టారు, 2021 నవంబర్‌లో ఆ రద్దునే రద్దు చేశారు. ఇలాంటి బిల్లు వచ్చినప్పుడల్లా మీరు వెతకాల్సింది ఒకే సెక్షన్: పాత సంస్థ ఆస్తులు, అప్పులు, ఒప్పందాలు, ఉద్యోగులు ఎవరికి దఖలు పడతారో చెప్పేది. బోర్డు మారినంత మాత్రాన బాకీ పోదు. మావయ్యగారిని పూలింగ్ ఒప్పందం, ఎల్‌పీవోసీ (పూలింగ్ యాజమాన్య ధ్రువపత్రం), కౌలు జమ అయిన బ్యాంకు పాసుబుక్కు పేజీల నకళ్లు ఒకచోట దాచమనండి. ఏ ఏడాదిదైనా రాకపోతే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోమనండి, నోటిమాటగా అడిగి ఇంటికి రావద్దు.