కార్డు లిమిట్‌ను ఎమర్జెన్సీ ఫండ్‌గా రాసుకుంటే ఎలా?

ప్రశ్న: మాది మిషిగన్‌లోని నోవై. నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను, మా ఆవిడకు ఉద్యోగం లేదు, నాలుగేళ్ల పాప ఉంది. అద్దె ఇల్లు. నిరుడు 14,000 డాలర్లు పెట్టి 1976 నాటి జీఎంసీ మోటార్‌హోమ్ (లోపలే పడుకుని, వండుకునే వీలున్న బండి) కొన్నాను, 26 అడుగులది. జూన్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు, అందరం కలిసి యెల్లోస్టోన్ నేషనల్ పార్క్ వెళ్లాలని ఆశ. ఒహాయోలో ఒకాయన తన దగ్గరున్న స్పేర్ పార్ట్స్ మొత్తం 9,400 డాలర్లకు ఇస్తానంటున్నాడు. రీబిల్ట్ చేసిన గేర్‌బాక్స్, ఫైనల్ డ్రైవ్, కార్బొరేటర్, వెనక సస్పెన్షన్ ఎయిర్‌బ్యాగులు, బ్రేక్ హోసులు, ఇంకా చిన్నాచితకా సామాను. బండి ప్రస్తుతం బాగానే నడుస్తోంది, కానీ ఇవి మళ్లీ దొరకవేమోనని టెన్షన్. 401(కె) రిటైర్మెంట్ ఖాతా మీద 6,000 లోన్, మిగతా 3,400 క్రెడిట్ కార్డు మీద అనుకుంటున్నాను. నాన్నగారేమో ఊళ్లో గోల్డ్ లోన్ తీసి పంపుతానంటున్నారు. సేవింగ్స్‌లో 7,100 ఉన్నాయి, వాటి జోలికి వెళ్లను. జీతం చేతికి 6,600, నెల ఖర్చు 5,400. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదండీ. ఆ సామాను ఇప్పుడు కొనకండి.

మీరు ఉత్తరంతో పాటు పంపిన ఎక్సెల్ షీట్ అంతా చూశాను. చాలా శ్రద్ధగా తయారు చేశారు, ప్రతి నట్టుకీ ధర ఉంది. కానీ కింద ‘ఎమర్జెన్సీ ఫండ్’ అన్న గడిలో 29,100 అని కనిపించింది. సేవింగ్స్ 7,100 అయితే ఇంత ఎలా వచ్చిందా అని లెక్క వెతికితే, 22,000 కార్డు లిమిట్‌ను కూడా అందులో కలిపేశారు. మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాయడానికి కారణం ఆ ఒక్క గడే. ఈ తప్పు మీరొక్కరే చేయడం లేదు. మంచి జీతాలున్న ఇళ్లలో కూడా నాకు తరచుగా కనబడుతోంది.

కార్డు లిమిట్ మీ డబ్బు కాదు. మీకు ఎంతవరకు అప్పు ఇవ్వొచ్చో బ్యాంకు వేసుకున్న అంచనా అది. ఆ అంచనాను బ్యాంకు ఎప్పుడైనా తగ్గించుకోవచ్చు. ఉద్యోగం పోయి మీకు నిజంగా అవసరం పడిన నెలలోనే తగ్గించినా ఆశ్చర్యం లేదు. తగ్గించకపోయినా, ఆదాయం లేని ఇంట్లో 27 శాతం వడ్డీకి బియ్యం, పాలు కొనడాన్ని ఎమర్జెన్సీ ఫండ్ అంటారా?

నెలకు 5,400 ఖర్చు ఉన్న ఇంటికి 7,100 అంటే దాదాపు 39 రోజులు. హెచ్-1బిలో ఉద్యోగం ఆగిపోతే వీసాకు కొత్త స్పాన్సర్ కంపెనీని వెతుక్కోవడానికి మీకు ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. చట్టం ఇచ్చిన గడువు కంటే 21 రోజులు ముందే మీ ఇంట్లో డబ్బు అయిపోతుంది. ఆ మూడు వారాల్లో ఏ ఆఫర్ వస్తే అది పట్టుకోవాల్సి వస్తుంది, లేదంటే పాపను స్కూల్ మాన్పించి టికెట్లు బుక్ చేయాల్సి వస్తుంది. ఆ సమయంలో హెల్త్ ఇన్సూరెన్స్‌ను కోబ్రాలో (ఉద్యోగం పోయాక కూడా కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉండే వీలు) కొనసాగించాలంటే ఇన్నాళ్లూ కంపెనీ కడుతున్న వాటా కూడా మీరే కట్టాలి, పైన 2 శాతం అదనం. అప్పుడు 39 రోజులు కూడా రావు. ఒక్క జీతం మీద, వీసా మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలని నేను ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. మీ విషయంలో అది 32,400.

ఇక 401(కె) లోన్. ‘నా డబ్బే కదా, వడ్డీ కూడా నాకే వస్తుంది’ అని రాశారు. ఉద్యోగం ఉన్నంతవరకు ఆ మాట కొంత నిజమే. ఉద్యోగం పోతే మిగిలిన బాకీని ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా తీర్చాలి. లేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు, మీ వయసుకి 10 శాతం పెనాల్టీ కూడా. ఫండ్ కావాల్సిన ఆ కష్టకాలంలోనే ఈ అప్పు కూడా మీద పడుతుంది. కార్డు మీద 3,400 అంటే నెలకు 76 డాలర్లు ఒక్క వడ్డీకే. బండి తిరిగినా తిరగకపోయినా కట్టాల్సిందే. గోల్డ్ లోన్ గురించి ఒక్క మాట: నడుస్తున్న బండికి అదనపు గేర్‌బాక్స్ కోసం అమ్మగారి నగలు తాకట్టు పెట్టించకండి. నాన్నగారికి ఈరోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి.

‘మళ్లీ దొరకవు’ అన్న భయం దగ్గరికి వద్దాం. అమ్మేవాళ్లు మీ చేత తొందరపడి కొనిపించేది ఆ భయంతోనే. మీ బండి మీకు దగ్గర్లోనే, పాంటియాక్‌లో తయారైంది. 1973 నుంచి 1978 వరకు 12,000కు పైగా తయారు చేశారు. ఇప్పటికీ వాటిని తిప్పుతున్న వాళ్లు, క్లబ్బులు, వాటి పార్ట్స్ మాత్రమే అమ్మే దుకాణాలు ఉన్నాయి. పైగా అందులోని 455 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ ఓల్డ్స్‌మొబైల్ కార్లది. ఆ టర్బో హైడ్రామాటిక్ 425 గేర్‌బాక్స్ ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో, క్యాడిలాక్ ఎల్డొరాడో కార్లలో కూడా ఏళ్ల తరబడి వాడారు. అంటే మీ గేర్‌బాక్స్ రేపు పోయినా దాన్ని రీబిల్డ్ చేయగల మెకానిక్‌ను వెతుక్కోవచ్చు. కొంత ఆలస్యం కావచ్చు, కానీ దారి మూసుకుపోదు.

ఇంకో సంగతి. షెడ్డులో దాచిన పార్టు బంగారం లాంటిది కాదు, దాని విలువ నిలవదు. రీబిల్ట్ గేర్‌బాక్స్‌కు వారంటీ మామూలుగా కొన్న రోజు నుంచే లెక్క. మీరు బిగించే నాటికి అది అయిపోయి ఉండొచ్చు, లోపలి సీళ్లు ఎండిపోయి ఉండొచ్చు. ఇక్కడైతే మీరు మూడో మనిషి దగ్గర కొంటున్నారు, అసలు వారంటీ మీ పేరుకు మారుతుందో లేదో కూడా అడగలేదు. రబ్బరు సంగతి ఇంకా అన్యాయం. ఎయిర్‌బ్యాగులు, బ్రేక్ హోసులు ప్యాకెట్ విప్పకపోయినా ముసలివవుతాయి. ఏళ్ల క్రితం తయారైన హోసు కొత్త కవర్లో ఉన్నంత మాత్రాన కొత్తది కాదు. పిల్లలు, పెద్దవాళ్లు కూర్చునే ఐదు టన్నుల బండికి అలాంటిది బిగించకండి.

బండి మీద మీకున్న ఇష్టాన్ని నేను తప్పు పట్టడం లేదు. పైసా ఖర్చు పెట్టొద్దని కూడా అనను. ఇప్పుడు పెట్టాల్సింది వేరే చోట. శనివారం టార్చిలైటు పట్టుకుని ఆరు టైర్లూ చూడండి. టైరు పక్కన ‘డాట్’ (DOT) అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2314 అని ఉంటే 2014లో 23వ వారం. ట్రెడ్ ఎంత నిగనిగలాడుతున్నా అంత పాత టైర్ల మీద యెల్లోస్టోన్ దాకా వెళ్లకూడదు. కొన్ని టైర్లకు అది లోపలి వైపు రాసి ఉంటుంది, బండి కిందికి వెళ్లి చూడాల్సి రావచ్చు. ఆ తర్వాత పెట్రోలు హోసులు. ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోలుకు ఆ కాలం నాటి రబ్బరు ఆగదు, మెత్తబడి చీలుతుంది. వేడి ఇంజిన్ మీద చుక్కలు పడితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. హోసుల ఖర్చు గేర్‌బాక్స్ ముందు లెక్కలోకే రాదు. వీటికీ బ్రేకులకీ అయ్యే ఖర్చును సేవింగ్స్‌లోంచి తీయమనే చెబుతాను, ఎందుకంటే ఇవి లేకుండా బండి కదలకూడదు. టైర్లు ఆరూ మార్చాల్సి వస్తే మాత్రం ఈ జూన్‌కు యెల్లోస్టోన్ ఆశ వదులుకుని మిషిగన్‌లోనే ఉన్న ట్రావర్స్ సిటీకి కారులో తీసుకెళ్లండి. అమ్మానాన్నలకు మనవరాలితో గడపడం ముఖ్యం, ఏ బండిలో అన్నది వాళ్లు పట్టించుకోరు.

నెలకు మిగిలే 1,200లో 900 వేరే బ్యాంకులో ఎక్కువ వడ్డీ ఇచ్చే హై ఈల్డ్ సేవింగ్స్‌లోకి జీతం పడిన రోజే వెళ్లిపోవాలి. 300 బండి కోసం విడిగా పెట్టుకునే డబ్బాలోకి. సేవింగ్స్‌లోంచి ఏమీ తీయకపోతే ఐదో నెలకల్లా 10,800 దాటుతుంది, అంటే 60 రోజులు కవర్ అవుతాయి. టైర్లకి తీస్తే ఆ మేరకు ఇంకో నెలో రెండు నెలలో ఆగాలి. అప్పటివరకు గేర్‌బాక్స్ మాట వద్దు. ఆ తర్వాత కూడా 900 ఆపకండి, ఆరు నెలల ఖర్చు చేరడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది. బండి డబ్బాలో ఏడాదికి చేరే 3,600తో అవసరమైన పార్టు ఒక్కొక్కటీ, బిగించే నెలలో కొనుక్కోండి. పాత పార్టు వెనక్కిస్తే తిరిగొచ్చే కోర్ డిపాజిట్‌ను మర్చిపోకండి, చాలామంది ఆ డబ్బు వదిలేస్తారు.

మీరు పంపిన ఇన్సూరెన్స్ పేపర్లలో లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చే కవర్) మాత్రమే కనిపించింది. పాత బండికి ‘అగ్రీడ్ వాల్యూ’ పాలసీ, అంటే ముందే ఒప్పుకున్న విలువ ఇచ్చేది, తీసుకోండి, లేకపోతే రేపు ఏదైనా జరిగితే 50 ఏళ్ల తరుగుదల తీసేసి చేతిలో ఎంతో కొంత పెడతారు. టోయింగ్ కవర్ 26 అడుగుల మోటార్‌హోమ్‌కు వర్తిస్తుందో లేదో ఫోన్ చేసి అడగండి. అమ్మానాన్నలకు విజిటర్ ఇన్సూరెన్స్ ఎక్కడా రాయలేదు, అది వాళ్లు విమానం ఎక్కేలోపు తీసుకోవాలి.

ఒహాయో ఆయనకు వద్దని చెప్పేయండి. శనివారం చూశాక ఆ ఆరు టైర్ల అంకెలు, బ్రేక్ హోసుల పరిస్థితి నాకు రాయండి. సేవింగ్స్‌లోంచి ఎంత తీయాలో అప్పుడు లెక్కేసి చెబుతాను.